రూతు ముట్టుకోనిచ్చిన రోజు

ఖరగ్‌పూర్ ఇంజినీరింగ్ కాలేజీ క్యాంపస్‌లోని మ్యూజియంలో రూతు చేసే పనికి కాగితాల మీద పేరు అటెండెంట్. అందులో సగం దుమ్ము దులపడం, తక్కిన సగం ముట్టుకోవద్దని చెప్పడం. పంతొమ్మిదేళ్లలో ఆ ఒక్క మాటా నాలుగు భాషల్లో అలవాటైపోయింది. బెంగాలీవాళ్లకు బెంగాలీలో, హిందీవాళ్లకు హిందీలో, బాలేశ్వర్ వైపు నుంచి వచ్చేవాళ్లకు వచ్చీరాని ఒడియాలో చెప్పేది. న్యూ సెటిల్‌మెంట్ నుంచి తెలుగువాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకొని వస్తే మాత్రం గొంతు కాస్త మెత్తబడేది. "కళ్లతో సూడండమ్మా, సెయ్యి పెట్టకండి" అనేది.

ఆమెకు యాభై రెండేళ్లు. పుట్టింది న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో. తాత బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి వచ్చి వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. తండ్రి లూకా అదే వర్క్‌షాపులో బాయిలర్ షాపులో పనిచేశాడు. ఇనపరేకుల మీద పడే సుత్తి దెబ్బల మధ్య పాతికేళ్లు గడిపి, నలభై అయిదు నిండేసరికి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. ఇంట్లో ఆయన్ని పిలవాలంటే భుజం తట్టాల్సిందే. అయినా సాయంత్రం వరండాలో కూర్చొని గోడకు అరచెయ్యి ఆనించి, "గూడ్సు. లోడు నేదు, కాళీ ఎల్తంది" అనేవాడు. రూతు గేటు దాకా పరిగెత్తి చూస్తే నిజంగానే ఖాళీ గూడ్సు బండి పోతూ ఉండేది. ఇది తండ్రి ఒక్కడికే తెలిసిన విద్య అని ఆమె చాలాకాలం అనుకుంది.

రైల్వే వాళ్ల తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివింది. ఊళ్లోనే ఇందా పేటలో ఆటో నడిపే క్రిస్టోఫర్‌తో పెళ్లయింది. పెళ్లయిన తొమ్మిదో ఏట అతనికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. వారం తిరక్కుండా పోయాడు. కూతురు ఏంజెలాకు అప్పటికి ఆరేళ్లు. పిల్లతో పుట్టింటికి చేరింది. తండ్రి రిటైరై క్వార్టర్ ఖాళీ చెయ్యడంతో అందరూ ఝపటాపూర్‌లో రెండు గదుల అద్దె ఇంట్లోకి మారారు. చర్చిలో ఎవరో చెబితే క్యాంపస్‌లో ఊడ్చేవాళ్లను పెట్టే కాంట్రాక్టరు దగ్గరకు వెళ్లింది. అతను ఆమెను మ్యూజియానికి పంపాడు.

మొదటి రోజు ఆమె చేతికి రెండు పొడి గుడ్డలు, ఒక షేవింగ్ బ్రష్ ఇచ్చారు. గుడ్డ పెద్దవాటికి, బ్రష్ సందులకు. మధ్యకు కోసి లోపలి భాగాలన్నీ కనబడేలా నిలబెట్టిన ఆవిరి యంత్రం, వంతెనల నమూనాలు, ఓడ అడుగుభాగం, నీటితో తిరిగే పెద్ద చక్రం, పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి, రైల్వే సిగ్నల్ నమూనా. రోజూ తొమ్మిదింటికి తలుపులు తెరిచి, పదింటికి జనం వచ్చేలోగా వీటన్నిటినీ తుడవాలి. పక్కన అంటించిన చీటీలు ఇంగ్లీషులోనూ హిందీలోనూ బెంగాలీలోనూ ఉంటాయి. హిందీ అక్షరాలు కూడబలుక్కోగలదు. ఇంగ్లీషు రాదు. గైడు చెబుతుండగా వెనక నిలబడి విన్నది కొంత. తక్కినది చేతులే నేర్చుకున్నాయి. ఆవిరి యంత్రంలో పిస్టన్ ఎక్కడిదాకా పోయి ఆగుతుందో, వంతెన కమ్మీల్లో ఏది లావో ఏది సన్నమో, ఓడ పొట్ట ఎక్కడ లోపలికి వంగుతుందో ఆమె కళ్లు మూసుకొని చెప్పగలదు. అడిగినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

క్యాంపస్‌లో దుర్గాపూజ సెలవులంటే వారం ముందే తెలిసిపోతుంది. పిల్లలు చక్రాల పెట్టెలు ఈడ్చుకుంటూ స్టేషన్ దారి పడతారు. హాస్టల్ మెస్సులు ఒకటొకటిగా మూసేస్తారు. స్టాండ్లలో తాళం వేసిన సైకిళ్లు వందలకొద్దీ ఒకదాని మీదొకటి వాలి ఉంటాయి. ఊళ్లో ఇందా వైపు పందిళ్లకు లైట్లు కడుతుంటారు, క్యాంపస్ రోడ్లు మాత్రం బోసిపోతాయి. ఏటా మ్యూజియం పంచమి దాకా తెరిచి ఉండేది. ఆ ఏడు సెలవుల జాబితా మార్చి, శనివారం నుంచే మూసేయమన్నారు. ఆ శనివారం పొద్దున రూతు పని ఒక్కటే. వస్తువుల మీద ముసుగులు కప్పి, కిటికీలు బిగించి, మెయిన్ స్విచ్ ఆపి, మధ్యాహ్నం లోగా తాళంచెవులు సెక్యూరిటీ ఆఫీసులో ఇచ్చేయాలి. మేదినీపూర్‌లో నర్సు ఉద్యోగం చేస్తున్న ఏంజెలాకు రెండు రోజులు సెలవు దొరికింది. మధ్యాహ్నం రెండింటి లోకల్ రైల్లో వస్తానంది. కోడికూర చేస్తానని రూతు మాటిచ్చింది.

పదిన్నరకు ముసుగులన్నీ కప్పడం పూర్తయింది. గేటు దగ్గరి గార్డు సాయికుమార్ మెట్లెక్కి వచ్చాడు. న్యూ సెటిల్‌మెంట్ కుర్రాడు, ఆమెను పిన్నీ అని పిలుస్తాడు.

"పిన్నీ, బస్సొకటి వచ్చినాది. బడి పిల్లలు. మ్యూజియం సూడ్డానికంట."

"సెలవని సెప్పీలేదా?"

"సెప్పినాను. వాల్లకాడ కాయితం ఉన్నాది. ఈ రోజు తేదీయే ఏసున్నాది. నువ్వొక్కపాలి రా."

రూతు బయటకు వచ్చింది. పసుపు రంగు బస్సు చెట్టు నీడలో ఆగి ఉంది. పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకొని వరసగా దిగుతున్నారు. పదిహేడు మంది ఆడపిల్లలు. పదేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా ఉంటాయి. రెండో పిల్ల దిగేసరికి రూతుకు అర్థమైంది, వాళ్లెవరికీ చూపు లేదు.

వాళ్లతో వచ్చిన టీచరు మందపాటి కళ్లద్దాలు పెట్టుకొని ఉంది. కాగితాన్ని ముఖానికి బాగా దగ్గరగా పెట్టుకొని ఇంకోసారి చూసి, రూతు చేతికిచ్చింది. రూతు మెడలో శిలువనూ, సాయికుమార్‌తో మాట్లాడిన మాటనూ గమనించి తెలుగులోనే మాట్లాడింది. పేరు నీలవేణి. పుట్టిల్లు ఖరగ్‌పూర్ మథురాకాటి. ఝాడ్‌గ్రామ్ అవతల ఉన్న ఒక అంధ బాలికల బడిలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తోంది. జూలైలో ఉత్తరం రాస్తే ఈ శనివారం రమ్మని జవాబు వచ్చింది. సెలవులు మారిన సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

"పొద్దున్న ఆరింటికి బయల్దేరినామండి. రెండు నెలల నించి పిల్లలు ఏటేటి అడగాలో రాసుకుంటన్నారు" అంది నీలవేణి. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, జరిగింది చెప్పినట్టు.

రూతు ఆఫీసుకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మ్యూజియం బాధ్యతలు చూసే ప్రొఫెసర్ శర్మిష్ఠ సన్యాల్‌కు చేసింది. ఆవిడ ఆ పొద్దున్నే విమానంలో వెళ్తున్నారని తెలుసు, ఫోన్ స్విచాఫ్. చివరికి కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజరు రిచర్డ్ ఎత్తాడు.

"అక్కా, సెలవంటే సెలవే. గుడ్డిపిల్లలంతన్నావు, లోపల ఏటైనా ఇరిగితే ఎవులిది పూచీ? నన్ను పీకీస్తారు, నిన్నూ పీకీస్తారు. తాళాలిచ్చీసి ఇంటికెల్లు."

అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. రూతు ఫోన్ పెట్టేసి నీలవేణికి ఉన్న మాట చెప్పింది.

"సరేలెండి. మీరేటి సేస్తారు" అంది నీలవేణి. "నీడున్నాది కదా, ఇక్కడే కూకోబెట్టి టిఫిన్ తినిపించీసి ఎల్లిపోతాం. ఈ బయటున్న ఇంజిను ముట్టుకోవచ్చాండి?"

ఆవరణలో వానకూ ఎండకూ తట్టుకొని నిలబడ్డ పాత ఆవిరి ఇంజిను ఒకటి ఉంది. దాని మీద పిల్లలు ఎక్కి ఫోటోలు దిగుతుంటారు, ఎవరూ వద్దనరు. రూతు సరేనంది. అమ్మాయిలు కంచె పట్టుకొని దాని దగ్గరకు చేరారు. అందులో పూర్ణిమా సరేన్ అనే సన్నటి పిల్ల, పదమూడేళ్లుంటాయి, చక్రం అంచును పట్టుకుంది. పట్టుకున్న చేతిని అలాగే ఉంచి రెండో చేతిని చక్రం వెంబడి పోనిచ్చింది. చెయ్యి పైకి పోయింది. మునివేళ్ల మీద లేచింది. అందలేదు. కాసేపు అలాగే నిలబడి టీచరుతో బెంగాలీలో అంది:

"దీదీ, రైలు చక్రం ఇంత ఉంటుందా? నేను సైకిల్ చక్రమంత అనుకున్నాను."

ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి ఏడాదికి నాలుగుసార్లు రైలెక్కుతోందని నీలవేణి చెప్పింది.

రూతు మెట్ల మీద నిలబడి ఆ మాట విన్నది. ఆ క్షణంలో ఏమనుకుందో తర్వాత కూతురు గుచ్చి గుచ్చి అడిగినా సరిగ్గా చెప్పలేకపోయింది. "ఆ పిల్ల సెయ్యి అలగ గాల్లో ఉండిపోనాది" అని మాత్రం అంది.

తాళంచెవుల గుత్తి తీసి తలుపు తెరిచింది.

"సాయీ, మెయిన్ స్విచ్ ఏసీ."

"రిచర్డన్న ఏటన్నాడు?"

"ఒద్దన్నాడు."

సాయికుమార్ ఆమె ముఖం చూశాడు.

"నానే తెరిసినానని రాస్తాను. నీకేటీ తెలీదు, నువ్వు గేటు కాడికి పో."

"తెలీకపోడమేటి పిన్నీ, బస్సుని లోపలికి పంపింది నాను కదా" అంటూ అతను స్విచ్‌బోర్డు వైపు నడిచాడు.

గంట ముందు కప్పిన ముసుగులను రూతు మళ్లీ లాగేసింది. అమ్మాయిలు ఆవిరి యంత్రం చుట్టూ చేరారు. మొదట ఆమె గైడు చెప్పినట్టే చెప్పడం మొదలుపెట్టింది. ఏ సంవత్సరంలో చేశారు, ఎంత శక్తి, ఎవరు కనిపెట్టారు. పిల్లలు మర్యాదగా విన్నారు. ఆమె మాటలు ఆమెకే చప్పగా తోచాయి. అయిదు నిమిషాలకు ఆపేసింది. పూర్ణిమ కుడిచెయ్యి పట్టుకొని, రోజూ తన గుడ్డ మొదట ఎక్కడ పడుతుందో అక్కడ పెట్టింది.

"ఇది గొట్టం. దీంట్లో ఒక బిళ్ల ఉంది, అటూ ఇటూ నడుస్తుంది. నీ వేలు దాని మీదే ఉంచు" అని బెంగాలీలో చెప్పి, రెండో చేత్తో పక్కనున్న చక్రాన్ని మెల్లగా తిప్పింది. బిళ్ల కదిలింది. పూర్ణిమ వేలు దానితో పాటు వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చింది.

"తోస్తోంది" అంది పూర్ణిమ.

"ఆవిరి తోస్తుంది. మీ ఇంట్లో అన్నం ఉడికేటప్పుడు మూత లేస్తుంది చూడు, అదే."

ఆ తర్వాత రూతు గైడు మాటల జోలికి పోలేదు. ఒక్కొక్కళ్లనూ వంతులవారీగా తీసుకెళ్లి చేతులు పట్టుకొని చూపించింది. వంతెనల దగ్గర రెండింటిని పక్కపక్కన పట్టుకోమని, ఏది గట్టిదో చెప్పమంది. లావు కమ్మీల వంతెనే గట్టిదని అందరూ అన్నారు. నొక్కి చూడమంది. లావుది ఊగింది, త్రికోణాలుగా అల్లిన సన్నటి వంతెన కదల్లేదు. పిల్లలు త్రికోణాల్ని లెక్కపెట్టడంలో పడ్డారు. ఓడ పొట్టను ఇద్దరు రెండు వైపుల నుంచి కౌగిలించుకొని, కింద తమ వేళ్లు కలుసుకున్నప్పుడు నవ్వారు. గాజుపెట్టెలో ఉన్న బొగ్గుగని నమూనా దగ్గరకు వచ్చేసరికి రూతు, "ఇది చూపించలేనమ్మా, అద్దం లోపల ఉంది. దీని తాళం నా దగ్గర లేదు" అని ఒప్పుకుంది.

ఒక పిల్ల గోడ తడుముతూ చీటీని కనిపెట్టింది. "ఇక్కడ ఏం రాసుంది, మాసీ?" అని రూతును పిన్నీ వరసతో అడిగింది.

"నాకూ చదవడం రాదు. ఇంగ్లీషు."

పిల్లలు ఒక్క క్షణం నమ్మలేదు. తర్వాత గదంతా నవ్వింది. నీలవేణి కూడా నవ్వాపుకోలేక కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆ నవ్వు తర్వాత పిల్లల ప్రశ్నలకు అడ్డు లేకపోయింది. తెలిసినదానికి రూతు చెప్పింది. తెలియనిదానికి తెలియదంది.

పన్నెండు దాటాక సిగ్నల్ నమూనా దగ్గర ఒక సంగతి జరిగింది. లివరు లాగితే తీగ బిగుసుకొని, స్తంభం మీది ఇత్తడి చెయ్యి కిందికి వాలుతుంది. పిల్లలు అన్నిటికన్నా ఎక్కువ ఇష్టపడింది దాన్నే. నలుగురైదుగురు లాగారు. పూర్ణిమ ఒక చెయ్యి లివరు మీద, ఒక చెయ్యి ఇత్తడి చెయ్యి మీద పెట్టి, రెండూ ఒకేసారి కదలడం తెలుసుకోవాలని లాగింది. చిన్న శబ్దమైంది. ఇత్తడి చెయ్యి ఊడి ఆమె అరచేతిలోకి వచ్చింది.

 పూర్ణిమ దాన్ని రెండు చేతులతో పట్టుకొని, "నేనే విరగ్గొట్టాను" అంది. ఏడవలేదు. 

 ఉద్యోగం పోయిందనే రూతు అనుకుంది. అయినా ఆ పిల్ల వేలిని విరిగినచోట పెట్టింది. "చూడు. సగం గరుగ్గా ఉంది, సగం నున్నగా ఉంది. నున్నగా ఉన్న సగం ఎప్పుడో చీలిపోయింది. ఇవాళ విరిగింది మిగతా సగమే. మా నాన్న బాయిలర్ రేకులు ఇలాగే చూసేవాడు."

పూర్ణిమ వేలు ఆ అంచు మీద చాలాసేపు తిరిగింది. "అవును" అంది. "ఇక్కడ మారుతోంది."

బాగుచేయించి ఇస్తామని నీలవేణి అంది. రూతు వద్దంది. బస్సు వెళ్లేటప్పుడు పదిహేడు మందీ ఆమె చేతులు పట్టుకొని వెళ్లొస్తామన్నారు. కొందరు ముంజేతి దాకా తడిమి, గాజులు ఎన్నున్నాయో లెక్కపెట్టి మరీ వదిలారు.

వాళ్లు వెళ్లాక రూతు ముసుగులు మళ్లీ కప్పింది. ఇత్తడి చేతిని తెల్లకాగితంలో చుట్టి ప్రొఫెసర్ బల్ల మీద పెట్టింది. మ్యూజియం రిజిస్టర్ తెరిచింది. హిందీలో రాయడానికి ప్రయత్నించి రెండు ముక్కల తర్వాత కొట్టేసింది. తర్వాత తనకు వచ్చిన భాషలో రాసింది:

"అమ్మగారికి. ఈ రోజు సెలవు. సూపర్‌వైజరు గారు వద్దన్నారు. అయినా తలుపు నేనే తీశాను. పదిహేడు మంది చూపులేని పిల్లలు వచ్చారు. అన్నీ ముట్టుకోనిచ్చాను. సిగ్నల్ చెయ్యి విరిగింది. పిల్లల తప్పు లేదు, గార్డు తప్పు లేదు. బాధ్యత నాది. ఇట్లు, రూతు."

తాళంచెవులు అప్పగించేసరికి రెండున్నరైంది. ఏంజెలా అప్పటికే ఝపటాపూర్ ఇంటి ముందు బ్యాగు పెట్టుకొని గడప మీద కూర్చుంది. కోడికూర లేదు. రూతు గడప దగ్గరే జరిగిందంతా చెప్పింది.

"అమ్మా, నువ్వు పర్మనెంటు కాదు. ఒక్క మాటన్నారంటే తీసీస్తారు. ఆ రాసిందేటి, నీ సంతకంతో నువ్వే ఇచ్చీసినావా?"

"మరి ఎవులి సంతకంతో ఇస్తాను?"

ఏంజెలా విసురుగా లేచి లోపలికి వెళ్లింది. వంటింట్లో బియ్యం కడుగుతూ, "ఆ పిల్ల ఏటందో మల్లీ సెప్పు" అని అక్కడి నుంచే అడిగింది. రూతు చక్రం సంగతి మళ్లీ చెప్పింది.

ఆ పూజ రోజులు రూతుకు సరిగ్గా గడవలేదు. వీధి చివరి పందిరిలో డప్పులు మోగుతుంటే ప్రతిసారీ ఫోన్ మోగినట్టనిపించేది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు పందిళ్లు చూడ్డానికి పిలిస్తే మోకాళ్ల నొప్పులని తప్పించుకుంది. నవమి రోజు నీలవేణి ఫోన్ చేసి, "మీకేటైనా ఇబ్బందైందాండి?" అని అడిగింది. "ఏటీ నేదమ్మా, అంతా బాగున్నాది" అని రూతు చెప్పింది. ఇంకా ఏమీ కాలేదు కాబట్టి అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. బడికి సెలవులిచ్చేలోగా పిల్లలు మట్టితో వంతెనలు చేశారని, త్రికోణాలు లేకపోతే పూర్ణిమ ఒప్పుకోలేదని నీలవేణి చెప్పింది. ఫోన్ పెట్టేశాక రూతుకు ఆ రోజు అన్నం సయించింది.

సెలవులయ్యాక పనికి వెళ్లేసరికి రిచర్డ్ గేటు దగ్గరే ఉన్నాడు. ఆమె కళ్లలోకి చూడలేదు.

"అక్కా, కంప్లయింటు రాసీసినాను. రాయకపోతే నా మెడకి సుట్టుకుంటాది. నిన్ను తీసెయ్యమనలేదు, అదొక్కటి నా సేతిలో ఉన్నాది, ఆపినాను. హాస్టల్ బ్లాకుకి ఏసినాను. కొన్నాళ్లు అక్కడ ఉండు."

"ఠీక్ హై" అంది రూతు. అతని మీద కోపం రాలేదు. ఇద్దరు చెల్లెళ్లున్న ఇంటికి పెద్దవాడు.

హాస్టల్లో మూడంతస్తుల వరండాలు ఊడ్చి తడిగుడ్డ పెట్టడం పని. ఊళ్ల నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లు ఆమె తుడిచిన నేల మీదుగా చెప్పులతో పోయేవారు. కొందరు ఆగి, ఆరేదాకా నిలబడేవారు. పని కష్టమనిపించలేదు. పొద్దున తొమ్మిదింటికి మాత్రం చేతులకు ఏదో తక్కువైనట్టుండేది. ఈ పాటికి మ్యూజియంలో ఎవరు తుడుస్తున్నారో, బ్రష్షుతో తుడవాల్సినవాటిని గుడ్డతో రుద్దేస్తున్నారేమోనని ఆలోచించేది. ఒకరోజు డ్యూటీ దిగాక ఆ దారినే వెళ్లి, లోపలికి పోకుండా వెనక్కి వచ్చేసింది.

మూడు వారాల తర్వాత సాయికుమార్ హాస్టల్‌కు వెతుక్కుంటూ వచ్చాడు.

"పిన్నీ, మేడమ్ రమ్మంతన్నారు. నిన్న నన్ను పిలిసి నువ్వు రాసింది సదవమన్నారు. హిందీలో సెప్పినాను. రెండోపాలి కూడా సెప్పించుకున్నారు."

ప్రొఫెసర్ సన్యాల్ తిరిగొచ్చినప్పుడు బల్ల మీద రిచర్డ్ ఫిర్యాదు ఇంగ్లీషులో పైన ఉంది. కాగితంలో చుట్టిన ఇత్తడి చెయ్యీ, చదవలేని లిపిలో ఉన్న రిజిస్టర్ పేజీ ఆవిడ దృష్టికి వచ్చేసరికి ఇన్నాళ్లు పట్టింది. ఆవిడ వంతెనల ఇంజినీరు. పొట్టి జుట్టు, తక్కువ మాట. రూతును కూర్చోమంది. పంతొమ్మిదేళ్లలో ఆ గదిలో రూతు కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ఇద్దరూ హిందీలో మాట్లాడుకున్నారు.

"అనుమతి లేకుండా తెరవడం తప్పు" అంది ప్రొఫెసర్.

"తప్పే, మేడమ్."

"మళ్లీ అలాంటిది జరిగితే?"

 రూతుకు అబద్ధం చెప్పడం ఇష్టం లేకపోయింది. "ముందు ఇంకో రెండుసార్లు ఫోన్ చేస్తాను."

ప్రొఫెసర్ నవ్వలేదు గానీ కలం మూత తీసింది. "వాళ్లు ఏమేం ముట్టుకున్నారు? వరసగా చెప్పు. ఎక్కడ చెయ్యి ఆగింది, ఏం అడిగారు, నువ్వేం చెప్పావు."

రూతు చెప్పడం మొదలుపెట్టింది. ఆవిరి యంత్రంలో ఏ అంచు పదునుగా ఉంది, ఎక్కడ పిల్లల చెయ్యి జాగ్రత్తగా పట్టుకోవాల్సి వచ్చింది, టెలిఫోన్ ఎక్స్ఛేంజి దగ్గర ఎవరికీ ఆసక్తి ఎందుకు కలగలేదు, బొగ్గుగనికి అద్దం ఎలా అడ్డమైంది. వంతెనల సంగతి చెప్పినప్పుడు ప్రొఫెసర్ తలెత్తింది. "నొక్కి చూడమన్నావా? అది ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్. తుడిచేటప్పుడు లావుది ఊగుతుంది. సన్నది ఊగదు."

ప్రొఫెసర్ నాలుగు పేజీలు రాసుకుంది. బయటకు వచ్చేసరికి టీ వేళ దాటిపోయింది.

ఆ తర్వాత జరిగినవి నెమ్మదిగా జరిగాయి. క్యాంపస్ వర్క్‌షాపు కుర్రాళ్లు సిగ్నల్ చేతిని ఈసారి లావుగా పోతపోసి బిగించారు. బొగ్గుగని గాజుపెట్టెకు ఒక పక్క తలుపు పెట్టారు. రూతు తిరిగి మ్యూజియానికి వచ్చింది. అదే కాంట్రాక్టు, అదే పేరు అటెండెంట్. గైడుగా వేయించాలని ప్రొఫెసర్ రాసిన కాగితం, డిగ్రీ లేదని వెనక్కి వచ్చింది. ఆ మాట ప్రొఫెసర్ స్వయంగా చెప్పింది. రూతుకు బాధ కలగలేదని కాదు. ఇంటికెళ్లి చెప్పినప్పుడు ఏంజెలాకే ఎక్కువ కోపం వచ్చింది. అప్పటికి ఆమె తల్లి పక్షం చేరిపోయింది.

ఒక నిర్ణయం మాత్రం మారకుండా నిలబడింది. శీతాకాలం సెలవుల్లో క్యాంపస్ మూసి ఉండే రోజుల్లో, జనం ఉండరు కాబట్టి, రెండు రోజులు మ్యూజియాన్ని చూపులేనివాళ్ల కోసమే తెరుస్తారు. గేటు దగ్గర నోటీసు అంటించారు. నీలవేణి పంపిన మనిషి బ్రెయిలీ చీటీలు తయారుచేశాడు. రూతు వాటిని వేళ్లతో తడిమి చూసి, "ఇదీ నాకు సదవడం రాదు" అని సాయికుమార్‌తో అంది.

డిసెంబర్ చివరి శనివారం, క్రిస్మస్ అయిన మూడో రోజు, చలిలో బస్సులు రెండు వచ్చాయి. నీలవేణి బడి పిల్లలు, హౌరా వైపు నుంచి ఇంకో బడి పిల్లలు. ఏంజెలా డ్యూటీ మార్చుకొని వచ్చి, పదునుగా ఉన్నచోట్ల నిలబడతానంది. రిచర్డ్ తలుపు దగ్గర పేర్లు రాస్తున్నాడు. రూతు కొత్త స్వెటరు వేసుకొని, పొద్దున ఏడింటికే వచ్చి అన్నీ తుడిచిపెట్టింది.

పూర్ణిమ ఎవరి సాయం లేకుండా నీటిచక్రం దగ్గరకు వెళ్లింది. హౌరా బడి పిల్లలు ఇద్దరు ఆమె వెనక ఉన్నారు. వాళ్ల చేతులు పట్టుకొని చక్రం రేకుల మీద పెట్టి, గట్టిగా తెలిసినదానిలా వివరించసాగింది. నీళ్లు కింది నుంచి వచ్చి చక్రాన్ని పైకి తోస్తాయని చెప్పింది. అది తప్పు. నీళ్లు పైనుంచి పడతాయి. రూతు చెప్పబోయి ఆగిపోయింది. హౌరా పిల్లల్లో ఒకతె రేకును పట్టుకొని, గిన్నెలా ఉన్న దాని లోపలి వైపు తడిమి, "ఇది పైకి తెరుచుకొని ఉంది కదా, నీళ్లు కింద నుంచి వస్తే ఇందులో ఎలా పడతాయి?" అంది.

పూర్ణిమ తన చెయ్యి కూడా అక్కడ పెట్టింది. ముగ్గురి చేతులూ ఆ రేకులో ఉన్నాయి. పూర్ణిమ వేళ్లు రేకు అంచు దాకా పోయి, మళ్లీ అడుగుకు దిగాయి.

"పైనుంచి" అంది పూర్ణిమ చివరికి. "అవును, పైనుంచే."

రూతు చక్రం పిడి పట్టుకొని మెల్లగా తిప్పసాగింది.